తవ్వుకుపోయిన మడి

బస్సు దిగి ఇంటికొచ్చిన మనిషి ముందు కాళ్ళు కడుక్కుంటుంది, కాసిని మంచినీళ్ళు తాగుతుంది. ఆమె సంచీ గుమ్మంలో పడేసి, చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి నడిచింది. చెల్లెలికి ఆపరేషనని వెళ్ళి వారం దాటింది. ఆ వారమంతా చెల్లెలి మంచం పక్కన కూర్చున్నా, మనసు సగం ఇక్కడే ఉంది. నల్లటి ప్లాస్టిక్ పట్టా కింద గుమ్మడి మడి వెచ్చబడుతోంది. ఎండ ముదిరింది. కిటికీలో పెట్టిన మొక్కలు ఈపాటికి రెండో ఆకు విప్పుతుంటాయి. ఇంకా కుండీల్లోనే ఉంచితే వేళ్ళు గుండ్రంగా చుట్టుకుపోతాయి, ఆ తర్వాత ఎంత మంచి మట్టిలో పెట్టినా చాచుకోవు. రేపో ఎల్లుండో నాటెయ్యాలి.

పట్టా ఉంది. అంచుకి అంచు కలిపి చక్కగా మడిచి గోడవారగా పెట్టారు. గాలికి లేవకుండా పైన ఇటుక కూడా పెట్టారు.

మడి లేదు.

మడి ఉండాల్సిన చోట పచ్చటి బంకమన్ను పళ్ళికిలిస్తోంది. లోడరు తొట్టి పళ్ళు గీకిన గాట్లు ఈ చివరినుంచి ఆ చివరికి వరసగా ఉన్నాయి. ఓ మూల రోడ్డు తవ్విన చెత్త పోశారు. కంకర, తారు పెళ్ళలు, విరిగిన సిమెంటు తూము ముక్క. గొయ్యి గొయ్యిలా వదిలేస్తే బాగుండదని ఎవరో పెద్దమనసు చేసుకున్నట్టున్నారు.

ఆ మడిలో ఆమె ఎప్పుడూ కాలు పెట్టేది కాదు. మనిషి బరువుకి మన్ను అణిగిపోయి ఊపిరాడక చస్తుందని పలకలు పరుచుకుని వాటిమీదే నడిచేది. ఎంత వంగాల్సి వచ్చినా వంగేది. నడుం పట్టేసినా పలక దిగేది కాదు. ఇప్పుడు చెప్పులతోనే గొయ్యిలోకి దిగింది. అడుగున ఓ ముద్ద తీసి నలిపింది. నలగలేదు. వేళ్ళకి జిగురులా అంటుకుంది. మునుపైతే ఇంత పిడికిట్లో పట్టి వదిలితే పొడిపొడిగా రాలేది, వాన వెలిసిన అడవిలో వచ్చే వాసన వచ్చేది. ఆకులు మాగబెట్టి, పశువుల ఎరువు చలికాలం రాకముందే కలిపి, ఖాళీ నెలల్లో ఆవాలు చల్లి, మోకాలెత్తు పెరగ్గానే పూతకి రానివ్వకుండా కోసి అందులోనే కప్పి, తన పిండిమరలో ఊడ్చిన తవుడు పలచగా దులిపి... గుప్పెడు తీస్తే నాలుగు వానపాములైనా మెలికలు తిరిగేవి. పోయినేడు పట్నం కూరగాయల పోటీలో కాటా మీదికి నలుగురు మగాళ్ళు మోసిన కాయ ఈ మట్టిలో పుట్టిందే.

"ఏమండీ!"

ముందు గదిలో కుట్టు మిషను ఆగింది. వెంటనే మళ్ళీ మొదలైంది.

"మిమ్మల్నే!"

ఈసారి ఆగింది. ఆమె భర్త మెడలో టేపుతో, చెవి మీద సుద్దముక్కతో వెనక గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడ్డాడు. ఊళ్ళో అందరికీ ఆయన టైలరుగారు. గట్టిగా మాట్లాడితే దారం తెగుతుందేమో అన్నంత మెల్లగా మాట్లాడే మనిషి.

"వచ్చావా? చెల్లెలెలా ఉంది?"

"ఇదేమిటి?"

"అదీ... లోడరొచ్చింది. అన్నయ్యది. నేను షాపులో ఉన్నా. ఒంటిగంటకో ఎప్పుడో... చూసేసరికే..."

"చూసేసరికే?"

"అయిపోయింది." టేపు చివర్ని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. "అన్నయ్యకి కూడా ఈ ఏడు పోటీలో పెట్టాలని సరదా పుట్టిందిట. పోనీలే, నేను మాట్లాడతా. ముందు నువ్వు భోంచెయ్యి."

ఆమె గొయ్యిలోంచి పైకొచ్చింది. చెప్పులకంటిన బంకమన్ను గుమ్మంలోనే విదిలించి, ముందు గదిలోంచి, పిండిమర వసారాలోంచి సూటిగా వీధిలోకి నడిచింది. ఆమె బస్సు దిగడం చూసి వచ్చినట్టున్నారు, మర ముందు డబ్బాలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చున్నారు.

"వచ్చావా తల్లీ, నువ్వు లేక ఇంట్లో పిండి నిండుకుంది" అంటూ లేచింది ఒకావిడ. ఆమె మొహం చూసి మళ్ళీ కూర్చుంది.

బావగారి లారీల యార్డు వీధి చివర. ఇసక గుట్టలు, కంకర గుట్టలు, వాటి వెనక ఆఫీసు గది. ఆ గదికి ఎండ బాగా తగిలే వైపు కొత్తగా సిమెంటు ఇటుకలతో నడుమెత్తు గోడ కట్టారు, చతురస్రంగా. అందులో నిండుగా, నల్లగా, ఆమె మట్టి.

బావగారు గొట్టంతో నీళ్ళు పడుతున్నాడు. పక్కనే టీకొట్టతను, ఇద్దరు డ్రైవర్లు చేతులు కట్టుకుని సినిమా చూస్తున్నట్టు చూస్తున్నారు.

"రామ్మా, రా! చూడు, నీ మట్టికి ఎంత మర్యాద చేశానో. నీ పెరట్లో నేలమీద పడుండేది. ఇక్కడ సింహాసనం కట్టించా."

ఆమె గోడ దగ్గరికెళ్ళి చూసింది. తప్పు చూస్తున్నానేమోనన్న ఆశ ఎక్కడో ఓ మూల ఉండింది ఇంతసేపూ. కోడిగుడ్డు పెంకుల తెల్లటి నలుసులు కనిపించాయి. తవుడు కట్టిన పొర ముక్కలు కనిపించాయి. టైలరు షాపు ఊడ్చిన చెత్తతో పాటు వచ్చిన చొక్కా బొత్తం ఒకటి, నీలంది, నీళ్ళకి మట్టి కడుక్కుపోయి పైకి తేలి మెరుస్తోంది.

"నా మట్టి నాకు కావాలి బావగారూ."

"నీ మట్టి, నా మట్టి ఏంటమ్మాయ్? ఒక ఇంటివాళ్ళం."

"ఒక ఇంటివాళ్ళమైతే రేపు మీ లారీ ఒకటి తోలుకెళ్ళి మా పెరట్లో పెట్టుకుంటా. అడక్కుండానే."

ఒక డ్రైవరు ఫక్కున నవ్వి, యజమాని వైపు చూసి నవ్వు దగ్గులోకి దింపాడు.

బావగారి మొహం ఒక్క క్షణం బిగిసింది. మళ్ళీ వదులైంది. "మట్టేగా తల్లీ! బంగారం ఎత్తుకొచ్చినట్టు మాట్లాడతావేం? రెండు లారీల ఎర్రమన్ను తోలిస్తా. ఒకటి తీసుకుని రెండు ఇవ్వడం ఏ కొట్లో ఉందో చెప్పు."

"లారీలతో తోలే మన్ను కాదది. చేసుకున్న మన్ను."

"మన్ను చెయ్యడమేంటి! ఏవమ్మా, పిండిలాగా మరలో పట్టావా?"

ఈసారి అందరూ నవ్వారు. టీకొట్టతను మరీ ఎక్కువ నవ్వాడు. ఆమె వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగలేదు, గోడ మీదినుంచి వంగి మోచేతి దాకా చెయ్యి మట్టిలోకి దించింది. దించిన చెయ్యి అలాగే ఆగిపోయింది. లోపల వేడిగా ఉంది. ఎండ వేడి కాదు, జ్వరం వేడి. చెయ్యి పైకి తీసేసరికి ఘాటు ముక్కులోంచి నేరుగా కళ్ళలోకి ఎక్కింది.

"ఏం కలిపారిందులో?"

"కోళ్ళఫారం పెంట. తాజాది! పొద్దున ఎత్తింది సాయంత్రానికల్లా ఇక్కడ. నువ్వు గుప్పెళ్ళతో చల్లుతావట, అందుకే నీ కాయ అంతటితోనే ఆగింది. నేను లారీతో కలిపించా."

"అది మాగాలి బావగారూ. ఒక చలికాలమైనా పడుండాలి. ఇప్పుడిందులో మొక్క పెడితే వేళ్ళు మాడిపోతాయి."

"చూశారా, చూశారా కుళ్ళు!" బావగారు టీకొట్టతని భుజం తట్టాడు. "తనది కాకపోయేసరికి మాడిపోతుందట." గొట్టం డ్రైవరు చేతికిచ్చి, గొంతు తగ్గించి, పెద్దరికం తెచ్చుకున్నాడు. "చూడమ్మా. ఎలాగూ ఇంత దూరం వచ్చావు కాబట్టి చెబుతున్నా. ఆ కిటికీలో మొక్కలు ఉన్నాయటగా, పోయినేటి కాయ గింజలవి. అవీ పంపించు. నీకిప్పుడు మడి లేదు, కుండీల్లో పెట్టుకుని ఏం చేస్తావు? పైగా ఇది నీ మట్టేగా, మొక్కలకి కొత్త కూడా ఉండదు."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కసారి ఆ చేతిలో మట్టి ఆయన మొహాన కొడదామనిపించింది. కొట్టలేదు. అది తన మట్టి కాబట్టే కొట్టలేదు.

"మనిషి ఊళ్ళో లేనప్పుడు గోడ దూకి ఎత్తుకొచ్చినవాళ్ళు మొక్కలు మాత్రం అడిగి తీసుకోవడమెందుకు? కిటికీకి ఊచలు కూడా లేవు, వచ్చి పట్టుకుపొండి!"

"గోడ దూకడమా?" బావగారు ఇప్పుడు నిజంగానే నొచ్చుకున్నాడు. "ఎవరు దూకారు? లోడరు గోడ దూకుతుందటమ్మా? నీ మొగుడే గేటు తాళం తీశాడు. ఆ పలకలన్నీ తనే ఏరి పక్కన పెట్టాడు. దగ్గరుండి ఇటు తిప్పు, అటు తిప్పు అని డ్రైవరుకి దారి చూపించాడు. వీణ్ణడుగు. పట్టా మడిచి పెట్టిందెవరనుకుంటున్నావు?"

గొట్టం పట్టుకున్న డ్రైవరు తల వంచుకుని మట్టినే తడుపుతున్నాడు.

ఆమెకి ఆ మడత కళ్ళముందు కనబడింది. అంచుకి అంచు, మూలకి మూల. కుట్టడం అయిన చొక్కాని ఇస్తిరీకి ఇచ్చేముందు ఆయన మడిచే మడత. చూసింది. చూసి కూడా చూళ్ళేదు.

వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చి మర స్విచ్చి వేసింది. బెల్టు దడదడలాడుతూ తిరిగింది. కూర్చున్నవాళ్ళ డబ్బాలు ఒక్కొక్కటే తీసుకుని గింజలు పోసింది. గోధుమలు, జొన్నలు, ఎవరివి ఏవో వాళ్ళు చెబితే వింది, చెప్పకపోతే అడగలేదు. రాళ్ళు మరీ దగ్గరకి బిగించిందేమో, పిండి పొగలు కక్కుతూ పడుతోంది.

"అమ్మా, చెయ్యి కాలుతోంది, పిండి మాడిపోయిందేమో" అంది డబ్బా పట్టుకున్నావిడ.

"మాడితే మాడింది, తినండి."

అని, ఆ తర్వాత తనే మర ఆపి, రాళ్ళు కాస్త వదులుచేసి, ఆవిడ డబ్బాలోది పక్కన పోసేసి తన ఇంటి గింజలతో మళ్ళీ ఆడించి ఇచ్చింది. క్షమించమని మాత్రం అడగలేదు. ఆ రోజు ఆమె నోట ఆ మాట వచ్చేలా లేదు.

భర్తతో మాట్లాడలేదు. ఆయన వంటింట్లోకొస్తే పెరట్లోకెళ్ళింది, పెరట్లోకొస్తే మరలోకెళ్ళింది. ఆయన కంచం తనే పెట్టుకున్నాడు, తనే కడిగాడు. కడిగి, కడిగిన కంచాన్ని మళ్ళీ తుడిచి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చూసింది. చూసి మొహం తిప్పుకుంది. కుక్కిన పేనులా ఉండే ఈ మనిషి, మూలనుంచి మూలకి పట్టా మడిచిన ఈ మనిషి, తను బస్సెక్కుతుంటే సంచీ అందించి, "మొక్కలకి నీళ్ళు నేను పోస్తాలే, దిగులు పెట్టుకోకు" అన్నాడు. పోశాడు కూడా. కిటికీలో మొక్కలు పచ్చగా, ఎక్కడా వాడకుండా ఉన్నాయి. అది తల్చుకుంటేనే ఒళ్ళు ఇంకా మండిపోతోంది. మొక్కలకి నీళ్ళు పోసిన చెయ్యే గేటు తాళం తీసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన బడిపిల్లల నిక్కర్లు వరసపెట్టి కుడుతున్నాడు. ఆమె వచ్చి మిషను చక్రం మీద చెయ్యి పెట్టింది. సూది గుడ్డలో దిగబడి ఆగింది.

"ఎందుకిచ్చారు?"

"అన్నయ్య అడిగితే..."

"మీ అన్నయ్య మీ మిషను అడిగితే ఇస్తారా?"

ఆయన గుడ్డ సూదిలోంచి లాగబోయాడు. ఆమె చక్రం వదల్లేదు.

"అడుగుతున్నాను. ఎందుకిచ్చారు?"

"పోయినేడు బహుమతప్పుడు ఆ మైకు పట్టుకున్నవాడు ఏమన్నాడు?" ఆయన గొంతు ఇంకా మెల్లగానే ఉంది, కానీ ఆ మెల్లదనంలో ఆమె ఎప్పుడూ వినని గరుకు ఏదో ఉంది. "గుమ్మడికాయగారి భర్తగారు కూడా వేదిక మీదికి రావాలి, అన్నాడు. అందరూ చప్పట్లు. నువ్వూ నవ్వావు."

"నవ్వాను. ఐతే?"

"ఐతే ఏముంది! నీకది ఆ ఒక్కరోజు. నాకు రోజూ. టీకొట్టుకెళితే, గుమ్మడిగారి ఆయనొచ్చాడు, టీ పొయ్యి, అంటాడొకడు. చొక్కా కొలతలకొచ్చినవాడు ఇంటావిడకి తీశారా నడుం కొలత, కాయకా, అంటాడు. ముప్పై ఏళ్ళబట్టి ఈ ఊరు తొడుక్కునే గుడ్డలు కుడుతున్నా. ఒక్కడు నా చేతి పనికి నన్ను పిలిచాడా?" చెవి మీది సుద్ద తీసి బల్ల మీద పెట్టాడు. అది దొర్లింది, పట్టుకున్నాడు. "అన్నయ్య అడిగాడు. ఒక్క ఏడాది వాడి కాయకే పేరు రానీ, నా పీడ వదులుతుందనుకున్నా."

ఆమె ఇంతసేపూ ఈయన భయస్థుడనుకుంది. అన్నగారి ముందు నోరు లేనివాడనుకుంది. అలాగైనా బాగుండేది.

"నాతో చెబితే?"

"చెబితే మానేసేదానివా?"

"లేదు."

"మరి!"

"అందుకని నేను ఊళ్ళో లేనప్పుడు."

ఆయన తల వంచాడు. ఆమె చక్రం వదిలేసింది. పోట్లాడేవాడితో పోట్లాడొచ్చు. తల వంచినవాణ్ణి ఏం చెయ్యాలి? ఆమె పెరట్లోకెళ్ళి, గొయ్యి మూలనున్న సిమెంటు తూము ముక్కని రెండు చేతులా ఎత్తి, గోడకేసి కొట్టింది. అది పగల్లేదు. మళ్ళీ ఎత్తి కొట్టింది.

తర్వాతి రోజు పొద్దున్నే బావగారు స్వయంగా వచ్చాడు. ఇస్తిరీ చొక్కా వేసుకుని, చుట్టం చూపుకి వచ్చినట్టు కుర్చీలో కూర్చున్నాడు.

"కోపం తగ్గిందామ్మా?" అన్నాడు. "మొక్కల కోసం వచ్చా."

భర్త మిషను మీదినుంచి తలెత్తలేదు. ఆమె కిటికీ దగ్గరికెళ్ళింది. కుండీలు వరసగా ఉన్నాయి. గింజల అంచులు గరుకు కాయితంతో అరగదీసి, గోరువెచ్చటి నీళ్ళలో నానేసి, మొలకెత్తేదాకా మర మోటారు పక్కన వెచ్చగా పెట్టి పెంచినవి. వాటిలో కాడ బలంగా, ఆకు అరచెయ్యంతగా ఉన్నదాన్ని చూసి తీసింది. అడుగున చెయ్యి వేసి పట్టుకుని తెచ్చి బావగారి చేతిలో పెట్టింది.

"తీసుకెళ్ళండి. మొన్న చెప్పాను. మళ్ళీ చెప్పను."

"అదీ మాట! పెద్దమనసు అంటే ఇది. పోటీలో బహుమతొస్తే నీ పేరు కూడా చెబుతాలేమ్మా." ఆయన కుండీని చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

మిషను ఆగింది.

"అది చచ్చిపోతుందిగా" అన్నాడు భర్త.

"చస్తుంది."

"వేళ్ళు మాడిపోతాయన్నావటగా వాడితో."

"మాడిపోతాయి. సాయంత్రానికి ఆకు వాలుతుంది. మర్నాటికి అంచులు ఎండుతాయి. ఆ తర్వాత కాడ మొదట్లో కుళ్ళుతుంది."

"తెలిసీ ఇచ్చావా?"

"మీరు తెలియక ఇచ్చారా?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏం కనబడిందో, కూర్చున్న బల్ల వెనక్కి పడిపోయేలా లేచాడు. చెప్పులు వేసుకోలేదు. మెడలో టేపు అలాగే వేలాడుతుండగా వీధిలోకి పరిగెత్తాడు. ఆయన పరిగెత్తడం ఆమె ఇంతవరకూ చూళ్ళేదు. మర వసారాలోకొచ్చి నిలబడింది.

టీకొట్టు ముందు అన్నగారిని అందుకున్నాడు.

"అన్నయ్యా, అది ఇటివ్వు."

"ఏంట్రా?"

"మొక్క. ఇటివ్వు."

"పిచ్చా నీకు? మీ ఆవిడే చేతిలో పెట్టింది."

"తను పెట్టింది. నేనివ్వను."

టీకొట్టతను గరిట పట్టుకుని బయటికొచ్చాడు. బెంచీ మీదివాళ్ళు గ్లాసులు దించారు. అన్నగారు చుట్టూ చూసి నవ్వబోయాడు. "పెళ్ళాం పంపిందేంట్రా?"

"పంపలేదు."

అని రెండు చేతులూ కుండీ మీద వేశాడు. అన్నగారు లాగాడు. తమ్ముడు వదల్లేదు. జీవితంలో దేన్నీ అన్నగారి చేతిలోంచి లాక్కోని మనిషికి ఎలా లాగాలో కూడా తెలియలేదు, ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. పట్టుకున్నచోటే మొండిగా నిలబడిపోయాడు. ఆకు ఒకటి ఇద్దరి మధ్యా నలిగి చిరిగింది. అది చూసి, "చింపావు కదరా! చిరిగింది నాకెందుకు?" అని అన్నగారే చేతులు దులిపేసుకున్నాడు. "మీ మట్టి నా దగ్గరుంది. బజారులో మొక్కలే దొరకవా? పోరా!"

"పోతున్నా" అన్నాడు తమ్ముడు.

కుండీని గుండెలకానించుకుని వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. ఏదో అంటుందని చూశాడు. ఆమె పక్కకి తప్పుకుని దారిచ్చింది, అంతే. ఆయన లోపలికెళ్ళాడు, మిషను దాటాడు, పెరట్లోకెళ్ళాడు. కాసేపటికి గునపం చప్పుడు మొదలైంది.

ఆమె మర ఆడించింది. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పిండి పట్టి ఇచ్చింది. చప్పుడు ఆగినప్పుడల్లా చెవులు రిక్కించింది. ఆగిన ప్రతిసారీ మళ్ళీ మొదలైంది. పొద్దు వాలుతుండగా వెళ్ళి చూస్తే కంకరంతా ఓ పక్కకి ఏరి పోశాడు. బంకమన్ను పెళ్ళలు పెళ్ళలుగా లేచి ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. సూది పట్టే చేతులు కదా, అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. టేపుని కుడిచేతికి కట్టులా చుట్టుకున్నాడు.

"చేపలకొట్టు వెనక పడేసే చెత్త అడిగి తేవాలనుకుంటా" అన్నాడు తలెత్తకుండా. "బడి ఆవరణలో ఆకులుంటాయి. పశువుల ఎరువు ఎక్కడ తెచ్చేదానివి?"

"కనుక్కోండి."

"ఈ ఏడు ఆ మొక్కకి..."

"ఈ ఏడు ఆ మొక్కకి కూరలోకొచ్చే కాయ కాస్తే గొప్ప."

ఆయన తలూపాడు. గునపం ఎత్తాడు. అప్పుడే గోడ అవతలినుంచి టీకొట్టతని తల కనబడింది. ఊళ్ళో వార్త పాతబడకముందే వేడివేడిగా పట్టుకుపోదామని వచ్చినట్టున్నాడు.

"ఏం గుమ్మడిగారి ఆయనా! ఈసారి మీరే పెంచుతున్నారేంటి?"

గునపం గాలిలో ఆగింది. ఆమె ఆయన మొహం చూడలేదు. ఆయన పాదాల్నే చూసింది. మన్ను కొట్టుకుపోయి, గోళ్ళ సందుల్లో బంక నిండి ఉన్నాయవి. ఇప్పుడు ఆ పాదాలు గుమ్మం వైపు తిరుగుతాయనుకుంది.

తిరగలేదు.

"పెంచడం కాదయ్యా" అన్నాడాయన. "ఇక్కడ మా ఆవిడ చేసిన మట్టుండేది. తను ఊళ్ళో లేనప్పుడు నేనే తాళం తీసి ఇచ్చేశా. కావాలనే ఇచ్చా. మళ్ళీ చెయ్యాలి."

టీకొట్టతను నవ్వడానికి నోరు తెరిచే ఉంచాడు, నవ్వు రాలేదు. ఆమె వైపు చూశాడు, గొయ్యి వైపు చూశాడు. "అంటే... ఎన్నాళ్ళు పడుతుందండీ?" అన్నాడు ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆ మాట భర్త కూడా అడగాలనుకుని అడగలేకపోయినట్టున్నాడు. గునపం ఆనించి ఆమె వైపు తిరిగాడు. ఆమె గుండెలో మంట ఇసుమంతైనా చల్లారలేదు. అది చల్లారాలన్న తొందరా ఆమెకి లేదు. గొయ్యి అంచుకొచ్చి, తవ్విన చోట వంగి, పెళ్ళ ఒకటి తీసి రెండు చేతులతో విరిచింది. విరగడానికి చాలాసేపు పట్టింది.

"చాన్నాళ్ళు పడుతుంది" అంది టీకొట్టతనితో. "అన్నాళ్ళూ ఆయన్ని టీకి పిలవకు."

తల గోడ అవతల దిగిపోయింది. ఆమె విరిచిన ముక్కల్ని గొయ్యిలో పడేసి, చేతులు దులుపుకుని, భర్తకేసి తిరిగింది.

"లోతు చాల్లేదు" అంది.

ఆయన చేతికి చుట్టుకున్న టేపు బిగించుకుని గునపం దించాడు.